సజ్జ వెన్నులో నల్లగింజ

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, పేజీ నిండడానికి వారం పడుతుంది. ఏమీ అనుకోకండి. ఇక గింజ మాటలు గింజే చెబుతుంది.

నేను ఒక నల్లగింజను. పేరుకే గింజను. సజ్జ వెన్నులో గింజ ఉండాల్సిన చోట గట్టిపడిన బూజు ముద్దను. తింటే వాంతులు, కళ్లు తిరగడం.

పుట్టింది కనిగిరి వైపు మెట్టచేలో. భర్త పోయిన ఆదెమ్మకూ, ఆమె మనవరాలికీ ఆ ఎకరం సజ్జలే ఏడాది తిండి. వ్యవసాయాధికారి ఊళ్లోకొచ్చి చెప్పాడు: విత్తనాలు ఉప్పునీళ్లలో పోయండి, నల్లగింజలు తేలతాయి, తీసి కాల్చేయండి అని. ఆదెమ్మ "తేలతాయి" దాకా విని లేచిపోయింది. గేదె అరుస్తోందట!

వేసవిలోనే ఉప్పునీళ్లు కలిపింది. నేను తేలాను. జల్లెడతో తీసి పెంటకుప్ప అంచున పోసింది. "ఎరువన్నా అవుద్ది" అంది. ఏదీ పారేయని మనిషి మరి! తొలకరికి ఎరువుతోపాటు బండెక్కి మళ్లీ అదే చేలో దిగాను.

నేనేం చేయను? తడి తగిలితే ఊరుకోవడం నా చేత కాదు. నెలన్నరకు ఉబ్బి పగిలాను. ఒంట్లోంచి ఊదారంగు కాడలు లేచాయి, ఒక్కో కాడ నెత్తిన ఒక బుడిపె. బుడిపె చర్మం కింద చుట్టూ కూజాల్లాంటి గదులు, మూతులు బయటికి. గదుల్లో పొడవాటి సంచులు. ఒక్కో సంచిలో దారప్పోగుల్లా ఎనిమిది విత్తులు. ఇంత పనీ ఒక్కదాన్నే! సజ్జ పూతకొచ్చిన వారమే సంచుల కొసలు తెరుచుకున్నాయి. పోగులు గాలికెక్కి పూల మీద వాలాయి. నేను డొల్లనయ్యాను.

వారం తిరిగేసరికి నా పోగులు పట్టిన వెన్నులు జిగట కార్చాయి.

"అక్కా, తేనె కారతా ఉంది, చీమలు చూడు" అంది తోడికోడలు రవణమ్మ. "ఎవురి కన్నో పడింది. గుమ్మడికాయ కడదాం పా."

"నా పాతచీర చూసి కుళ్లుకునేదెవురే?"

గుమ్మడికాయట! నేను ఆదెమ్మ కాలి కిందే ఉన్నాను.

కాలికేదో తగిలి ఆదెమ్మ కూర్చుని మట్టి గీకింది. ఎండిన కాడలతో సహా నన్ను అరచేతిలోకి తీసుకుంది.

"రవణా, ఇది నేను తేల్చి పారేసిందే గదే."

"కుప్పలో పోసినావా? కాల్చమన్నాడు గదక్కా ఆయన!"

"నువ్వన్నా చెప్పొద్దా?"

"నువ్వు నిలబడి వింటే గదా!"

ఆ సాయంత్రం కొడవలి పట్టి, జిగట కారిన వెన్నులన్నీ నల్లగింజలు కట్టకముందే కోసింది. ముప్పావు చేను పోయింది. గట్టు మీద కంప పేర్చి, అన్నిటికంటే ముందు నన్ను వేసింది. ఒక్క మాట పూర్తిగా వినడానికి ఇంత ఖర్చా అని నేను విసుక్కుంటూనే అంటుకున్నాను. పచ్చి వెన్నులు మండవు. ఊది ఊది ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"పొగే" అంది రవణమ్మతో.

— దూపాటి ఆదెమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు కనిగిరిలో మనవరాలి దగ్గర ఉంటున్నాను.