టెంకాయ లేచిన చోటు

చిలమత్తూరు దగ్గర థీమ్ పార్కు వస్తుందన్నప్పటి నుంచి ఊరంతా రోలర్ కోస్టర్ మాటే. మొదట తలకిందులుగా తిరిగేదట, తర్వాత ఆకాశంలోంచి దూకేదట! ఓబుళమ్మకు మాత్రం ఒక్క ముక్కా నమ్మబుద్ధి కాలేదు.

ఒకరోజు బ్రోకరు ప్రతాప్ ఆమె ఎండిన శెనక్కాయ చేలోకి ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు.

"ఈయన ఇంజనీరు, అక్కా. ఆ రోలర్ కోస్టర్ రైలుకు స్తంభాలు యాడ నాటల్లో చూస్తాండాడు. నువ్వు చేను అమ్మితే చాలు."

ఇంజనీరు అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట అది నిటారుగా లేచింది. ప్రతాప్ గబుక్కున అక్కడ రాయి పెట్టాడు.

ఓబుళమ్మ వెళ్లి ఆ రాయి మీదే కూర్చుంది.

"స్తంభాలకు టెంకాయ ఎందుకప్పా? నీళ్లకు గదా! ఈడ బోరు నేనే ఏపిచ్చుకుంటా. మీ రైలును ఆకాశంలోనే తిప్పుకోపోండి."