దీక్ష రోజు రెండు గ్లాసులు

మోతీకి కావలసింది ఒక రేకు పెట్టె.

మానుకోట ఆడపిల్లల హాస్టల్లో ఆరో తరగతికి ఆమె పేరు రెండో జాబితాలో వచ్చింది. పెట్టె, తాళం, పళ్ళెం, గ్లాసు, దుప్పటి ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని కాగితంలో రాసి ఉంది. సంతలో అడిగితే అన్నీ కలిపి తొమ్మిది వందలన్నారు. దీపావళి లోపల చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"సీటు సర్కారిచ్చింది. పెట్టె ఎవలియ్యాలె?" అన్నాడు తండ్రి భద్రు. "నువ్వే కొనుక్కుంటే పో. లేకుంటే పత్తి ఏరను రా. గంతే."

భద్రు ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. మోతీ ఏడవలేదు. పదకొండేళ్ళ పిల్ల, ఏడ్చి సాధించింది ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఏమీ లేదు.

అది 2011 సెప్టెంబర్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బడులు, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. తండా నుంచి నెల్లికుదురు పోయే దారిలో, రోడ్డు పక్కన, ఉద్యోగులు టెంటు వేశారు. రోజుకు ఐదుగురు మెడలో దండలు వేసుకుని ముందు వరుసలో పరుపుల మీద కూర్చునేవారు. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం ఐదింటికి ఎవరో పెద్దమనిషి నిమ్మరసం తాగించి లేపేవాడు. మర్నాడు వేరే ఐదుగురు. దాన్ని దీక్ష అనేవారు. దీక్ష అంటే పనికి పోకుండా కూర్చోవడం అని మోతీ అనుకుంది. తండాలో ఆమెకు ఇంకోలా చెప్పినవాళ్ళు లేరు.

కిరాణా కొట్టు ఎల్లక్క దగ్గర పచ్చి పల్లికాయ అప్పు తెచ్చి, ఉప్పు వేసి ఉడకబెట్టి, గంపలో పెట్టుకుని టెంటు దగ్గరికి పోయింది. గ్లాసు ఐదు రూపాయలు.

"నీకు కాదు, మీ నాయిన మీద రాస్తున్న," అంది ఎల్లక్క, గోడ మీద సుద్దముక్కతో గీత గీస్తూ. "చేతిల పడ్డదే పైస, బిడ్డా. పడంగనే తెచ్చియ్యాలె. ఇయ్యకుంటే మీ నాయిన అంగి పట్టుకుంట."

మొదటి రోజు ఇరవై గ్లాసులు అమ్ముడుపోయాయి. చేతికి వచ్చింది ముప్పై రూపాయలు. మిగతావాళ్ళంతా టెంటు ఎత్తేసిన రోజు లెక్క చూసి ఇస్తామన్నారు. మోతీ ఖాళీ గంప ముందు పెట్టుకుని దిగులుగా కూర్చుంటే జయపాల్ సార్ వచ్చాడు. ఐదో తరగతిలో ఆమెకు లెక్కలు చెప్పిన సారే.

"ఎంత సంపాదించినవే?"

"ముప్పై, సార్."

"తప్పు. ఇరవై గ్లాసులు అమ్మితే నూరు సంపాదించినట్టు. డెబ్బై మా దగ్గరున్నది, గంతే. అమ్మిన దినమే రాబడి రాసుకోవాలె. పైసలు వచ్చిన దినం కాదు. పెద్ద పెద్ద కంపెనీలు గిట్లనే రాస్తయి."

"ఎల్లక్క చేతిల పడ్డదే పైస అన్నది, సార్."

"ఎల్లక్క గోడ మీద రాస్తది. నువ్వు నోటుబుక్కుల రాస్తవు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన తన సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీసి, తనే గళ్ళు గీసి ఇచ్చాడు. ముందు తారీఖు, తర్వాత చోటు, పేరు, ఎన్ని గ్లాసులు, ఎంత. "రోజూ పైకి సదువు. సదివితే తప్పు దొరుకుతది."

చోటు అన్న గడిలో మోతీ రెండే రాసేది. ముందు పరుపుల మీద కూర్చున్నవాళ్ళకు 'దీక్ష', కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు 'కుర్చీ'.

దీక్షవాళ్ళు ఆమె దగ్గర అందరి ముందు కొనేవాళ్ళు కాదు. టెంటు వెనక పరదా ఉండేది. ఒక్కొక్కరే మూత్రానికని లేచి, పరదా వెనక్కి వచ్చి, నిలబడే తినేవాళ్ళు. పొట్టు కింద పడేయకుండా ఆమె గంపలోనే వేసి, మూతి తుడుచుకుని, దండ సర్దుకుని పోయేవాళ్ళు.

"పొట్టు ఇంటికి తీస్కపో. మీ మేకలు తింటయి," అనేవాడు జయపాల్ సార్. మేకల మీద ఆయనకున్న దయకు మోతీ సంతోషపడేది. అందరికంటే ఎక్కువ రోజులు దీక్షలో కూర్చున్నది ఆయనే. పరదా వెనక్కి వచ్చిన ప్రతిసారీ రెండు గ్లాసులు తినేవాడు.

ముప్పై నాలుగు రోజులు గడిచాయి. వచ్చిన చిల్లరంతా ఎల్లక్కకే పోయింది. అయినా గోడ మీద ఇంకా నాలుగు వందల పది మిగిలింది. డబ్బాలో ముప్పై ఐదు రూపాయలున్నాయి. నోటుబుక్కు లెక్కన టెంటువాళ్ళ నుంచి రావలసింది పదమూడు వందల ముప్పై. అందులో జయపాల్ సార్‌వే రెండు వందల పదిహేను. ఎల్లక్కకు ఇచ్చేయగా తొమ్మిది వందల యాభై ఐదు మిగులుతాయి. ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే అయినా లెక్క మాత్రం మోతీ తెలుగులో చెప్పేది.

"బాపూ, తొమ్మిది వందల యాభై అయిదు సంపాదించిన."

భద్రు అరచెయ్యి చాపాడు. "ఇట్ల పెట్టు."

"నోటుబుక్కుల ఉన్నయి."

"గా నోటుబుక్కు చూపిస్తే పెట్టె ఇస్తడా దుకాణపోడు?"

టెంటు ఎత్తేసిన రోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. మైకు పెట్టారు. విలేకరి వచ్చాడు. పదకొండు రోజులు దీక్షలో కూర్చున్నందుకు జయపాల్ సార్‌కు శాలువా కప్పారు. చప్పట్లు ఆగాక మోతీ గంప పక్కన పెట్టి, నోటుబుక్కు పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"సార్, టెంటు ఎత్తేసిన దినం లెక్క చూస్తమన్నరు కద."

"ఇప్పుడు కాదు, బిడ్డా."

"ఏందంట పిల్ల?" అని ఎవరో అడిగారు. "సదువనియ్యి సార్, మీ శిష్యురాలే కద!"

మోతీ చదివింది. ఆయన నేర్పినట్టే, తారీఖు ముందు, గొంతు గట్టిగా.

"సెప్టెంబర్ ఇరవై ఆరు. దీక్ష. జయపాల్ సార్. రెండు గ్లాసులు. పది రూపాయలు. సెప్టెంబర్ ఇరవై తొమ్మిది. దీక్ష. జయపాల్ సార్. రెండు గ్లాసులు. అక్టోబర్ ఒకటి. దీక్ష. సారయ్య సార్. ఒక గ్లాసు..."

మొదట నవ్వినవాళ్ళు ఆగిపోయారు. మైకు అతను ఏం చేయాలో తెలియక మైకు కట్టేశాడు. విలేకరి పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. చెప్పిన వరస తప్పకుండా మోతీ చదువుతూనే ఉంది.

మండల ఆఫీసు అటెండరు సారయ్య ముందుకు దూకాడు. "ఎవలు పంపిన్రే నిన్ను? ఆంధ్రోళ్ళు పైసలిచ్చి పంపిన్రా? ఇంత ఉద్యమం మీద యాపారం చేస్తానవా?"

"ఎవలు పంపలే, సార్. మీయి యాభై అయిదు రూపాయలు," అంది మోతీ.

"సూడు, సూడు, నోరు సూడు!"

జయపాల్ సార్ చెయ్యి ఎత్తి అతన్ని ఆపాడు. శాలువా భుజం మీద సర్దుకుని, వంగి, బడిలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "ఇటియ్యి, బిడ్డా. కూడిక సరిగున్నదో లేదో చూస్త."

మోతీ ఇచ్చింది. బడిలో ఆయన అడిగితే పలక ఇచ్చినట్టే ఇచ్చింది.

ఆయన పుటలు తిప్పాడు. నిజంగానే కూడిక చూశాడు. తప్పు లేదు. నడుచుకుంటూ పోయి, అన్నం గుండిగ కింద మంటలో నోటుబుక్కు పెట్టాడు. అట్ట వెంటనే అంటుకోలేదు, కాలితో లోపలికి నెట్టాడు.

"పిల్లకు అన్నం పెట్టున్రి. పొద్దటి సంది ఏం తిన్నదో ఏమో," అన్నాడు తిరిగి వచ్చి.

విస్తరాకు వేసి కూర్చోబెట్టారు. పులిహోర పెట్టారు. మోతీ పొయ్యి వైపే చూస్తోంది.

"తినవే. ఫొటో దిగుతున్నరు, తల ఎత్తు," అన్నాడు సారయ్య.

ఆమె తల ఎత్తింది. ఆకలిగానే ఉంది. తింది.

రెండు రోజుల తర్వాత ఎల్లక్క పేపరు పట్టుకుని తండాకు వచ్చింది. మోతీ ఫొటో, విస్తరి ముందు. కింద రాసి ఉన్నది ఎల్లక్కే పైకి చదివింది. నెల రోజులు శిబిరానికి పల్లీలు ఉచితంగా అందించిన గిరిజన బాలిక.

"నా పల్లికాయ ఫిరీగ పంచిందట నీ బిడ్డ," అంది భద్రుతో. "పేరేమో దానికి, నాకేమో గోడ మీద గీతలు. నాలుగు వందల పది పెట్టు, భద్రూ."

"ఫిరీ కాదు బాపూ. సార్ రెండు వందల పదిహేను ఇయ్యాలె. సారయ్య సార్ యాభై అయిదు. అన్నీ నాకు నోటికొస్తయి, చెప్పాల్నా?"

"పేపర్ల అచ్చైందే. నీ నోటి లెక్కకు ఎవడిస్తడు?" అన్నాడు భద్రు. కొట్టలేదు. కొడితే నయమని మోతీ తల్లి అనుకుంది. కోపంతో కొట్టిన రోజు మర్నాటికి ఆయన మెత్తబడేవాడు.

ఆ వారమే మేస్త్రి సేవ్యా తండాకు వచ్చాడు. భూపాలపల్లి దిక్కు పత్తి ఏరడానికి కూలీలను తీసుకుపోయే మనిషి. ముందు పైసలిచ్చి, తర్వాత కూలిలో పట్టుకుంటాడు. కిలోకు ఐదు రూపాయలు.

"పిల్లల ఏళ్ళు సన్నగుంటయి, జల్ది ఏరుతరు," అని మోతీ చేతులు తిప్పి చూశాడు. మూడు వేలు లెక్కపెట్టి భద్రు చేతిలో పెట్టాడు.

మోతీ ఆ నోట్ల వైపు చూసింది. తొమ్మిది వందలు పోయినా ఇంకా రెండు వేల పైన ఉంటాయి. భద్రు ఆమె వైపు చూడకుండా నాలుగు వందల పది తీసి ఎల్లక్కకు పక్కన పెట్టాడు. మిగతావి, పురుగుమందుల దుకాణం బాకీకని, తువ్వాలలో ముడివేశాడు.

"గీ పైసలు ఇంతకుముందే ఉండెనా, మామా?" అని అడిగింది మోతీ.

"ఏటా ఉంటయి. నువ్వు పనికి రావాలె గాని," అన్నాడు సేవ్యా. పొడుగాటి పుస్తకం తీసి, భద్రు బిడ్డ మోతీ, మూడు వేలు అని రాశాడు. సిరా డబ్బా తెరిచాడు. "ఏలు పెట్టు."

"నాకు సంతకం వస్తది."

"వద్దు. సంతకమైతే రేపు నాది కాదంటవు. ఏలు ఎవలు కాదంటరు?"

భద్రు ఆమె మణికట్టు పట్టుకుని బొటనవేలు ఒత్తించాడు. సేవ్యా పుస్తకం మూయబోతుంటే మోతీ ఆపింది.

"తారీఖు వెయ్యలే, మామా. పని చెయ్యకముందే ఇచ్చిన పైసలు. ఇచ్చిన దినం తప్పకుండ వెయ్యాలె. లేకుంటే లెక్క తప్పుతది."

సేవ్యా ఆమెను కింది నుంచి పై దాకా చూసి నవ్వాడు. "తెలివిగల్ల పిల్లే. ఏస్కో." పెన్ను ఇచ్చాడు.

బయట తండా పిల్లలు రేపటి కోసం దాచిన టపాకాయల్లోంచి ఒక్కోటి ఇవాళే కాలుస్తున్నారు. మోతీ వేలి సిరా పేజీకి అంటకుండా పెన్ను జాగ్రత్తగా పట్టుకుని, తన పేరు పక్కన గడిలో రాసింది.

అక్టోబర్ ఇరవై ఐదు.