ఖాళీ సంచుల తూకం

ఈ నెల మా అంగన్‌వాడీలో పిల్లలతోపాటు దేశాలకు కూడా తూకం వేస్తున్నారు. మూడేళ్ల మా పాప జోషితను చంకనెత్తుకుని నేను వాటి వెనక నిలబడ్డాను. ఒక్కో దేశం చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. తుపాకి పొరపాటున పేలి చనిపోయినవాళ్లు అందులో ఉంటారట.

టీచరు సన్నమ్మ ఒక పెద్ద దేశం సంచిని పిల్లల్ని తూచే కాటాకు తగిలిస్తుంది. తొంగి చూస్తాను. లోపల మనుషులు లేరు. తుపాకి పేల్చినవాళ్లు చెప్పుకున్న మాటే బియ్యంలా నిండి ఉంది: "ఖాళీదే అనుకున్నాను, ఖాళీదే అనుకున్నాను."

"సంచి బరువు కాదమ్మా, లచ్చమందికి ఎంతమందో చూడాల. లేపోతే పెద్దోళ్లే ఎప్పుడూ ఓడిపోతారు," అంటుంది సన్నమ్మ.

నేను భాగహారం దగ్గర బడి మానేసినదాన్ని. అందుకని ఆవిడే పంచి చూపిస్తుంది. ఒక చిన్న దేశానికి లక్షకు ఒక మనిషి కూడా రాడు, అందులో పదో వంతే వస్తుంది. ఆ పదో వంతును అది బల్ల మీద పెడుతుంది. ఎర్ర రిబ్బను కట్టిన చిన్న జడ.

అందరికన్నా తక్కువని దేశాలన్నీ చప్పట్లు కొడతాయి.

ఆ జడ పిల్ల తల్లికి ఎన్నో వంతు పోయిందని అడుగుతాను. సన్నమ్మ రిజిస్టరు తిరగేస్తుంది.

"ఆ గడి నేదమ్మా." జడను నా చేతిలో పెడుతుంది. "మరి మీ ఇంటి సంచేదీ?"

మాకు లేదంటాను. అనగానే గది పొడుగవుతుంది. గోడ వీధి దాటి, మా ఇంటి ముందుగది దాకా వెళ్లి ఆగుతుంది. అక్కడ ఆయుధపూజ అయింది. బ్యాంకులో కాపలా కాసే మా ఆయన సింహాద్రి, తన తుపాకికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి పీట మీద పడుకోబెట్టాడు. జోషిత నా చంకలో లేదు. పీట ముందు బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి గొట్టంలోకి చూస్తోంది.

తెరిచి చూడమని ఆయన్ని అడుగుతాను.

"పూజలో పెట్టింది రేపటిదాకా కదపకూడదే. ఖాళీదే అది, తూటాలు నానే తీసేసినాను."

ఆ మాట కింద పడకుండా సన్నమ్మ కొత్త సంచి పడుతుంది. సంచి మీద మా ఇంటి నంబరు ఉంది.

కదపకూడదు కాబట్టి కదపను. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, జోషిత రెప్ప పక్కనుంచి వంగి గొట్టంలోకి నడుస్తాను. లోపల చల్లగా ఉంది, నూనె వాసన. అటు చివర తూటా కూర్చుని ఉంది, చెప్పకుండా వచ్చిన చుట్టంలా. ఇటు చివర జోషిత కన్ను, చందమామంత. నేను రెంటికీ మధ్యలో చతికిలబడతాను.

బయట సింహాద్రి ఇంకా ఖాళీదే అంటున్నాడు.

"కాదు. నానున్నాను," అంటాను.

అది విని దేశాలు సంచులు బయట వదిలి ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయి, ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి. పెద్ద దేశం తల నా ఒళ్లో పెడుతుంది. ఎర్ర రిబ్బను జడను దాని జుట్టుకు కలిపి అల్లడం మొదలుపెడతాను. జడ పెరిగి గొట్టం నిండుతుంది, కొస బయటికి వస్తుంది. జోషిత గొట్టం దగ్గర్నుంచి కన్ను పక్కకు తీసి, ఆ కొస పట్టుకుని వీధిలోకి నడుస్తుంది.

నా వెనక తూటా బుద్ధిగా కూర్చుని ఉంది, చేతిలో దువ్వెనతో, తన వంతు కోసం.