పాసైంది టేపు

కోచ్‌గారికి లోకంలో తెలియని సంగతంటూ లేదు, ఒక్క కన్నకూతురి చీలమండ తప్ప. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడు, అడిగితే అది తన నడక తీరంటాడు. అలాంటి మనిషికి వాలీబాల్ జట్టు అప్పజెప్పిన మహానుభావుడెవరో గానీ చేతులెత్తి మొక్కాలి.

రేపు జట్టు ఎంపిక. కొత్తగా వచ్చిన ఫిజియో, అమ్మాయిల్ని బూట్లు విప్పించి, ఒంటికాలి మీద నిలబెట్టి కళ్లు మూయిస్తోంది. తర్వాత స్టూలు మీంచి ఆ కాలి మీదకే దూకమంటోంది. కోచ్‌గారి కూతురి వంతొచ్చింది. అందరికంటే ఎత్తు ఎగిరేది ఆ పిల్లే. కళ్లు మూసిందో లేదో, పోయిన నెల బెణికిన ఎడమ చీలమండ వణికిపోయింది. దూకితే పక్కకి ఒరిగింది.

"కాలికింకా పట్టు రాలేదు. ఇలాగే ఆడితే లిగమెంట్ తెగుతుంది. ఆరు వారాలు కసరత్తు చేయిస్తాను, రేపు మాత్రం వద్దు," అంది ఫిజియో.

"ఎగరడం చూడమ్మా. నిలబడ్డానికేం, కొంగలు కూడా నిలబడతాయి," అన్నాడు కోచ్.

ఏం తెలివి! ఎగిరిన పిల్ల కిందికి దిగాలి కదా, గాల్లోనే కాపురం పెట్టదు కదా. ఆ ముక్క ఆయన బుర్రకెక్కితేగా.

కూతురి చీలమండకి టేపు బిగించి చుట్టి, బూట్లు తొడిగి మళ్లీ దూకించాడు. కాలు కదల్లేదు.

"చూశావా, పాసైంది," అని మీసం దువ్వాడు.

"పాసైంది టేపండీ, కాలు కాదు," అంది ఫిజియో.

పిల్ల ఒకసారి ఫిజియోని, ఒకసారి నాన్నని చూసింది. ఆడకపోతే ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఆడితే కాలే పోతుంది.

"నువ్వూ ఎడమకాలి మీద నిలబడు నాన్నా, చూస్తాను," అంది.

"ఓస్, ఇంతేనా," అంటూ ఆయన బూట్లు విప్పి, పొట్ట లోపలికి పీల్చి, కళ్లు మూశాడు. మూసీ మూయగానే వెళ్లి బంతుల బుట్ట మీద పడ్డాడు. నవ్వాపుకోలేక అమ్మాయిలు గోడవైపు తిరిగారు.

కూతురు నవ్వలేదు. పడుచు వయసులోనే ఆయన చేత ఆట మాన్పించింది ఆ కాలేనని ఇంట్లో అందరికీ తెలుసు.

"అప్పుడు నీకు టేపెవరు కట్టారు నాన్నా?"

"మా కోచ్," అన్నాడు, బుట్ట పట్టుకుని లేస్తూ.

పిల్ల వంగి, టేపు కొస వెతికి పట్టుకుని చర్రున ఊడదీసింది. ఆయన ఆపలేదు.

"ఆరు వారాలే కదా మేడమ్," అంది ఫిజియోతో. "ఇద్దరికీ చేయించండి."