అత్త సర్దిన సంచి

దువ్వెన కూడా పెట్టేసింది అత్త. నాలుగు రోజులకని వెళ్లే మనిషికి దిండు గలీబు ఎందుకో కోడలికి అర్థమైంది. చీరలు, జాకెట్లు, మేకుకు వేలాడే చిన్న అద్దం, అన్నీ సంచిలోకి పోతున్నాయి. గడప మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్న భర్త తలెత్తలేదు.

"మీ అన్న దగ్గర ఉండు. తగ్గాక చూద్దాం."

"ఏం చూస్తావు?"

"అది ఎవడి దగ్గర్నుంచి వచ్చిందో."

కోడలు హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. మోకాళ్లు అరిగేదాకా అత్తా అక్కడే చేసింది. ఆ షెడ్డులో ఏ మచ్చకైనా ఒకటే మందు, బ్లీచింగ్ నీళ్లు. కోడలికి కింద దురద మొదలైనప్పుడు ఆ నీళ్లే పలచగా కలిపి కడుక్కోమని అత్త చెప్పింది. మండుతోందంటే, "మండనీ, మురికి వదులుతోంది," అంది. చర్మం కాగితంలా పలచబడి తెల్లగా పాలిపోయింది, అక్కడక్కడా చీలింది. భర్తను దగ్గరికి రానివ్వలేకపోయింది. అనుమానం అక్కడ మొదలైంది. వీధి చివరి డాక్టరు ఒక్కసారీ చూడకుండా, బల్ల అవతల నుంచే పూతమందులు రాశాడు. "కాస్త శుభ్రంగా ఉండమ్మా," అని కూడా అన్నాడు, పగలంతా సబ్బు నురగలో మునిగే మనిషితో.

బస్సెక్కించడానికి అత్త కూడా వచ్చింది. బస్టాండులో కోడలు ఆగింది.

"అన్న ఊరికి బస్సు మధ్యాహ్నం గానీ లేదత్తా. ఈలోగా పెద్దాసుపత్రికి వెళ్లొస్తా. ఆడవాళ్లకి ఆ చోట వచ్చే చర్మం జబ్బులకే వేరే డాక్టరమ్మ ఉందంట. మా లాండ్రీలో ఇస్త్రీ చేసే వదిన చెప్పింది."

"వేరే డాక్టరా, వేరే ఎవరన్నానా?"

"నమ్మకం లేకపోతే రండి. సంచి మోయడానికి నాకూ తోడుంటుంది."

అత్త వెళ్లింది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే ప్రతి మగాణ్ణీ కళ్లతో జల్లెడ పట్టింది.

"ఆ మందుల కొట్టువాడు నిన్నెందుకే అలా చూస్తాడు?"

"నన్ను కాదు, సంచిని. కాపురం మొత్తం మోసుకొచ్చాం కదా."

డాక్టరమ్మ తెర లాగి, దీపం దగ్గరికి జరిపి, తొందరపడకుండా పరీక్ష చేసింది. అక్కడేముందో చూసిన మొదటి డాక్టరు ఆవిడే. లైకెన్ స్క్లెరోసస్ అని పేరు చెప్పింది.

"ఇది చర్మానికి వచ్చే జబ్బు. అంటుకోదు. మీకు ఎవరి నుంచీ రాలేదు, మీ నుంచి ఎవరికీ పోదు. సబ్బు, బ్లీచింగు ఆపేయండి, ఉత్త నీళ్లు చాలు. ఈ ఆయింట్‌మెంటు రోజూ రాత్రి పలచగా రాయండి, తర్వాత ఎలా తగ్గించాలో నేను చెప్తాను. పూర్తిగా పోదు, కానీ అదుపులో ఉంటుంది. మానని పుండో, గడ్డో కనిపిస్తే వెంటనే రండి. కొద్దిమందికి అది క్యాన్సర్ కావచ్చు. అందుకే చూపించుకుంటూ ఉండాలి."

తెర అవతల నుంచి అత్త గొంతు వినిపించింది. "మరయితే ఇది మంచిదేనంటారా?"

"మనిషి మంచిదో కాదో చర్మం చూసి చెప్పలేనమ్మా. ఈ జబ్బుకి మాత్రం దాంతో సంబంధం లేదు."

తర్వాత అత్త తెర పక్కకు జరిపి లోపలికి వచ్చింది.

"రాత్రిళ్లే దురద ఎక్కువ, కదూ? ఉల్లిపొరలాగా తెల్లగా?"

"మీకెలా తెలుసు?"

అత్త చెప్పులు విడిచింది. "నన్ను కూడా చూడు తల్లీ. ఎన్నేళ్లుగానో ఉంది. మా ఆయనే ఎక్కణ్ణుంచో తెచ్చి అంటించాడనుకున్నా. ఆయన పోయేదాకా సరిగ్గా మాట్లాడలేదు."

డాక్టరమ్మ చూసింది. అదే జబ్బు, అదే మందు.

బయటికొచ్చాక అత్త సంచి అందుకోబోయింది. "పద, ఇంటికి పోదాం. వాడికి నేను చెప్తాను."

కోడలు సంచి వదల్లేదు. "ఇందులో నా వస్తువు ఏదైనా పెట్టడం మర్చిపోయారా అత్తా?"

అత్త ఆలోచించింది. "లేదు."

"మరి ఇంట్లో నాదేముందని రమ్మంటారు?"

"వాడు అన్న మాట తప్పేనే. నాది అంతకన్నా తప్పు."

"మందు రాసుకోండి. మళ్లీ చూపించుకునే రోజు ఇక్కడే కలుద్దాం. బ్లీచింగ్ నీళ్లు ముట్టుకోకండి."

బస్సు కదిలేదాకా అత్త కిటికీ కింద నిలబడింది. తర్వాత చూపించుకునే రోజుల్లో ఇద్దరూ అదే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. భర్త రెండుసార్లు కబురు పెట్టాడు. వానలు మొదలవడానికి ముందు, ఒక గురువారం పొద్దున, అత్త సర్దిన ఆ సంచితో గడప దాటిన కోడలు తిరిగి ఆ ఇంటికి రాలేదు.