పటికబెల్లం డబ్బా

ఫిల్మ్‌నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్‌లోకి రాగానే అమ్మాజీ మూడు పనులు చేస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడుస్తుంది. మైకుకు దణ్ణం పెట్టుకుంటుంది. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి రెండు పటికబెల్లం పలుకులు బుగ్గన పెట్టుకుంటుంది. గొంతు జీరపోకుండా ఇరవై ఆరేళ్లుగా అదే ఆమె మందు. తెర మీద ఎందరో తల్లులు ఆ గొంతుతోనే ఏడ్చారు.

ఈమధ్య నాలుగో పని తోడైంది, కళ్లజోడు వెతుక్కోవడం. సంచిలో మూడు జతలున్నాయి. మూడూ ఈ ఏడాది చేయించినవే.

"మేడం, కళ్లజోళ్ల దుకాణం పెడుతున్నరా ఏంది?" అద్దం అవతలి గదిలోంచి సౌండ్ ఇంజనీరు తిరుమలేశ్ అడిగాడు.

"నవ్వకు నాయనా. పోయిన వారం ఈ జతతోనే పేపరంతా చదివాను. ఇవాళ అక్షరాలు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. మీ కాగితాల మీద ఇంకు పలచబడిందేమో చూడు."

ఇంకు బాగానే ఉంది. లైటు మార్చి చూశారు. రెండో జత పెడితే మరీ మసక. అన్నీ తీసేస్తే ఒక్కోసారి నయం. మధురానగర్‌లో కళ్లద్దాల షాపాయన వెళ్లినప్పుడల్లా కొత్త నంబరు చెబుతున్నాడు. తప్పు ఆయనదో, అద్దాలదో, తనదో ఆమెకు అంతుపట్టలేదు.

అమ్మాజీకి తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. మాత్ర వేసుకుంటుంది, కాఫీలో చక్కెర మానేసింది. రక్తంలో కొవ్వు ఎక్కువైందని చెప్పిన రిపోర్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అది గుండె సంగతి కదా, గుండె బాగానే కొట్టుకుంటోంది కదా అనుకుంది. వీటికీ కంటికీ సంబంధం ఉందని ఎవరూ ఆమెకు చెప్పలేదో, చెప్పినా వినలేదో. అసలు మనలో ఎంతమందికి తెలుసు?

ఆ రోజు పెద్ద సీను. జైలు గుమ్మం దగ్గర తల్లి కొడుకుతో పేజీన్నర మాట్లాడాలి. మూడో వాక్యం దాటగానే నాలుగోది మాయమైంది. దురద పుట్టి ఎడమకన్ను మూసి నలుపుకుంటే, కుడికంటికి కాగితం నడుమ మరక కనబడింది.

"కాఫీ ఏమైనా ఒలికిందా దీని మీద?"

"ఏం లేదు మేడం, తెల్లగుంది."

కొంగుతో అద్దాలు తుడిచింది, కాగితం తుడిచింది. ఆమె ఎటు చూస్తే మరక అటు వచ్చింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. నేను చదువుత, మీరు ఇని చెప్పుండ్రి," అన్నాడు తిరుమలేశ్. పన్నెండు టేకులైనా తెర మీది పెదాలకు మాట కలవలేదు. అద్దం అవతలి మాటలు ఆమె హెడ్‌ఫోన్లలోకి వచ్చే మీట నొక్కే ఉందని వాళ్లు మరచిపోయారు. కోడైరెక్టరు శ్రీకాంత్ గొంతు స్పష్టంగా వినబడింది. "ఈవిడతో అవదు గానీ, వేరే గొంతు చూద్దాం."

అమ్మాజీ ఏమీ విననట్టే కాగితాలు సర్దింది.

మర్నాడు బంజారాహిల్స్‌లో కంటి డాక్టరు నిహారిక చుక్కలు వేసి, చాలాసేపు రెండు కళ్లూ పరీక్షించింది.

"మీ అద్దాల తప్పేం లేదమ్మా. రక్తంలో చక్కెర పెరిగీ తగ్గీ కంటి లెన్సు ఉబ్బుతోంది, అందుకే నంబరు నిలవడం లేదు. అది చిన్న సంగతి. కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు కారుతున్నాయి. కొవ్వు పసుపు చుక్కలుగా పేరుకుంది. కుడికంట్లో సరిగ్గా చూపు నిలిచే చోట. మీకు కనబడే మరక అదే."

"నేను తీపి ముట్టి తొమ్మిదేళ్లయింది డాక్టరుగారూ!" అంది అమ్మాజీ. భయానికి గొంతు ఆరిపోతే అలవాటుగా డబ్బా తీసి ఒక పలుకు బుగ్గన పెట్టుకుంది.

"అదేంటమ్మా?"

"పటికబెల్లం. ఇది తీపి కాదండీ, గొంతుకి మందు..."

రోజుకు ఎన్ని పలుకులో ఎన్నడూ లెక్కపెట్టలేదు. మెల్లగా రుమాల్లోకి ఉమ్మేసింది.

"చూపు మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?"

"కుడికంటికి ఇంజెక్షన్లు ఇద్దాం. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఎడమకన్ను నిలబడాలంటే షుగరు, బీపీ, కొవ్వు మూడూ అదుపులో ఉండాలి. షుగరు తెలిసిన రోజునుంచే ఏటా ఇలా చుక్కలు వేయించుకుని చూపించుకుని ఉంటే, మరక కనబడకముందే పట్టుకునేవాళ్లం."

జైలు సీను వేరొకరి గొంతుకు వెళ్లిపోయింది. నెల దాటాక ఒక చిన్న బామ్మ పాత్ర కోసం అమ్మాజీ మళ్లీ థియేటర్‌కు వచ్చింది. తిరుమలేశ్ కాగితాలను పెద్ద అక్షరాలతో తీయించి ఉంచాడు. ఆమె ఎప్పుడూ ఇచ్చే పలుకు కోసం అలవాటుగా చెయ్యి చాపాడు.

"డబ్బా ఏది మేడం?"

"మానేశాను. వేణ్నీళ్లు చాలు. అవునూ, మీ అమ్మకి షుగరన్నావు కదూ? కళ్లు చూపించావా?"

"మా అమ్మకేంది మేడం! బియ్యంల రాళ్లు గూడ ఏరుతది. మంచిగ కనబడుతది."

అమ్మాజీ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. ఇన్నేళ్లూ ఎవరో రాసిన మాటలు పలికిన ఆ గొంతు ఇప్పుడు సొంత మాట పలికింది.

"నాకూ మంచిగానే కనబడింది నాయనా, అదే నన్ను మోసం చేసింది. షుగరూ కొవ్వూ ఉన్నవాళ్లు చూపు మసకబారేదాకా ఆగకూడదు. బాగా కనబడుతున్నప్పుడే తీసుకెళ్లు."