మై సింధు

మా ఆయన మహేందర్‌కు ఇంగ్లిష్ రాదు. బాటసింగారం మార్కెట్‌లో బత్తాయిలు అమ్మే మనిషికి దాంతో పనేముంది? అలాంటివాడు ఓ పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూసి "లెట్ మై సింధు" అన్నాడు. మర్నాడూ అన్నాడు, ఈసారి గుండె మీద చెయ్యి వేసుకుని.

సింధు ఎవరో నాకు తెలుసు. అల్మాస్‌గూడలో మా ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. చైతన్యపురిలో ఏదో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన్ను అడిగితే మాట మార్చేస్తాడు, నాకు తెలియని మనిషా! ఆయన మార్కెట్‌కు పోయాక మెట్లెక్కాను.

"మా చుట్టాలొస్తున్నరమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యాలె."

ఎందుకని కూడా అడగలేదా పిల్ల. తల దించుకుంది. దాంతో నా అనుమానం ఇంకా ముదిరింది. నెలాఖరుదాకా ఆగకుండానే సామాను సర్దుకుంది. ఎటు పోతున్నావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా బిడ్డ జ్యోతిక కాలేజీ ఫంక్షన్. పాత ఇంగ్లిష్ నాటకాల్లో పేరుపడ్డ డైలాగులు చెప్పే పోటీ. నా పట్టుచీర చుట్టుకుని రాణిలా స్టేజీ ఎక్కింది.

"లెట్ మై సిన్ డూ మై వీపింగ్!"

కుర్చీలో ఎగిరిపడ్డాను. ఆయన బండి తేవడానికి పోగానే బిడ్డను పట్టుకున్నాను.

"గీ డైలాగుల సింధు ఎందుకొచ్చిందే?"

జ్యోతిక పడీ పడీ నవ్వింది. "సింధు కాదమ్మా, సిన్, డూ. సిన్ అంటే పాపం. నా ఏడుపు నా పాపాన్నే ఏడ్వనీ అంటది రాణి. రోజూ డాడీ బండి మీద కాలేజీకి పోతూ ప్రాక్టీస్ చేస్తి. డాడీకి గూడ నోటికొచ్చింది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏ తప్పూ చేయని పిల్లను వెళ్లగొట్టానే అని కళ్లనిండా నీళ్లు. దార్లో ఎల్బీనగర్‌లో మిర్చిబజ్జీలు తినడానికి ఆగినప్పుడు, జ్యోతిక మంచినీళ్ల కోసం అటు పోగానే ఆయనకు ఉన్నదంతా చెప్పేశాను.

"ఎంత పని చేస్తివే యాదలక్ష్మీ! గందుకేనా, పాపం, గా నాగోల్‌ల ఇరుకు రూంల పడి ఉంటున్నది?" అన్నాడు.

నమలడం ఆపాను. ఆయన కూడా ఆపాడు.

"గా డైలాగు జర ఇంకోసారి చెప్పు" అన్నాను.